పీనట్ బటర్‌ని విషం అన్నదెవరు?

నా చిట్టి తల్లికి,

అమ్మ దీవెనలు. నీ ఉత్తరం శుక్రవారం అందింది. దేవుడి దయవల్ల మీ నాన్న క్షేమం, మెట్ల కింద కాపురం పెట్టిన పిల్లి క్షేమం, దాని పిల్లలు మరీ క్షేమం. నేనూ క్షేమమే అని రాయబోయి కలం ఆపాను. నా సంగతి తర్వాత చెబుతాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటున్నారు మీ నాన్న. ఫోన్లో ఏం చెప్పినా నువ్వు "ఊఁ, సరేమ్మా" అంటావు. ఆ సరేలో సరుకు ఉండదు. కాగితం మీద రాస్తే చదివి, మడిచి, మళ్లీ తీసి చదువుతావు. అది నీ చిన్నప్పటి అలవాటు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఓపిక పట్టు.

మోకాలు ఎలా ఉందన్నావు. లాండ్రీలో నన్ను పెద్ద ఇస్త్రీ యంత్రం దగ్గర్నుంచి తీసేసి దుప్పట్లు మడిచే బల్ల దగ్గర వేశారు. ఆవిరి తప్పింది గానీ నిలబడటం తప్పలేదు. నా ఎదురుగా రెండో అంచు పట్టుకునే ఆవిడ ఎప్పుడూ నాకు ఒక మడత వెనకే ఉంటుంది. నేను బైబిలు వాక్యం చెబుతూ ఉంటే ఆవిడ చెయ్యి కాస్త సాగుతుంది. కాబట్టి రోజూ దుప్పట్లతో పాటు ఒక ప్రసంగం కూడా మడిచి అరలో పెడుతున్నాం. మోకాలు పర్వాలేదు.

నాన్నకి రొట్టెల వ్యాను మార్చారా అన్నావు. మార్చారు. కొత్తదాని వెనక తలుపు ఒకసారి తెరుచుకుంటే మళ్లీ మూసుకోదట. "అచ్చం మీ అమ్మ నోరే" అని పిల్లితో చెబుతున్నారు, నాకు వినపడేటట్టు.

ఇక మూడో ప్రశ్న. దాన్ని నువ్వు ఉత్తరం అడుగున, చిన్న అక్షరాలతో, దారిన పోతూ అన్నట్టు రాశావు. పీనట్ బటర్ ఒంటికి మంచిదా కాదా అని అడిగావు. మీ హాస్టల్ కింద జిమ్ము నడిపే మాస్టారు అది విషమని చెప్పాడనీ, నువ్వు మానేశావనీ రాశావు. అక్కడితో ఆగలేదు. పొద్దుటి తిండే మానేశాననీ, వైర్లు లాగడానికి నిచ్చెన ఎక్కితే కళ్ల ముందు నల్లబడుతోందనీ, అయినా మనసు తేలిగ్గా ఉందనీ రాశావు. ఆఖరి మాట నాకు కంఠతా వచ్చేసింది: "ఆ ఆదివారం నీకు జరిగిందే నాకూ జరగబోతోందేమో అమ్మా."

చదివి కూర్చుండిపోయాను. ఆ తర్వాత లేచాను, తల్లీ, అప్పట్నుంచి నా కోపం చల్లారలేదు. నీ మీద కాదు. ఎవరి మీదో ఒక్కొక్కరినే వరసపెట్టి చెబుతాను.

మొదట ఆ మాస్టారు. ఆయన కండలు చూసి ఆయన మాటని వాక్యం అనుకున్నారు మీరంతా. దేవుడు నేల కింద పెంచిన గింజ అది. దాన్ని వేయించి, రుబ్బితే విషం ఎప్పుడైంది? కొవ్వు ఉంది కాబట్టి విషం అంటాడట. మరి ఆయన మెదడులో ఉన్నదేమిటని అడుగు. నేను ఊరికే నోరు పారేసుకోవడం లేదు. క్లినిక్‌లో నర్సమ్మని పట్టుకుని అడిగాను. నేను క్లినిక్‌కి ఎందుకు వెళ్లానన్నది కాసేపు పక్కన పెట్టు. ఆవిడ చెప్పింది ఇది. వేరుశనగలో ఉన్నది చాలావరకు మంచి కొవ్వే. మాంసకృత్తులున్నాయి, పీచు ఉంది, తిన్నాక కడుపులో చాలాసేపు నిలుస్తుంది. పొద్దున్నే రొట్టె మీద రెండు చెంచాలు పూసుకుని, పక్కన ఒక పండు తింటే, నిలబడి పనిచేసే ఆడపిల్లకి అది నిక్షేపంలాంటి తిండి. అలాగని సీసా ఒళ్లో పెట్టుకుని అడుగు కనిపించేదాకా తింటే మాత్రం ఒళ్లు వస్తుంది, ఎందుకంటే కొంచెంలోనే బోలెడు బలం ఉంది. వేరుశనగ పడనివాళ్లు దాని జోలికే పోకూడదు. మన ప్రార్థన సహవాసంలో గిటార్ వాయించే అతని కూతురికి అది నాలుకకి తగిలినా గొంతు వాచిపోతుంది. ఆ పాప ఉన్నచోట మేమెవరమూ సీసా మూత తియ్యం. ఆ పాపకి అది విషమే. నువ్వు చిన్నప్పట్నుంచీ తింటూ పెరిగినదానివి, నీకు ఎలా విషమైంది?

లోపలికి పోయే తిండి కంటే నోట్లోంచి బయటికొచ్చే మాటే మనిషిని పాడుచేస్తుందని ప్రభువు ఎప్పుడో తేల్చేశాడు. మీ మాస్టారి నోట్లోంచి ఏం వస్తోందో చూసుకోమను.

రెండో కోపం సీసాలవాళ్ల మీద. నర్సమ్మ మాట విని పని దిగుతూనే దుకాణానికి వెళ్లాను. సీసా ముందువైపు ఒక అమ్మాయి పరుగెడుతూ ఉంటుంది, "ఆరోగ్యం" అని అరచేతి మందాన అక్షరాలు. వెనక్కి తిప్పితే చీమలంత అక్షరాల్లో అసలు సంగతి ఉంటుంది: వేరుశనగ, ఆ వెంటనే చక్కెర, ఆ వెంటనే గడ్డకట్టించిన నూనె. నాకు ఒళ్లు మండింది. ఒక్కొక్క సీసా తిప్పి పైకే చదివాను. జనం మూగారు. దుకాణదారు వచ్చి, "అక్కా, ఇది దుకాణం, ప్రార్థన మందిరం కాదు" అన్నాడు. మందిరంలో ఎవరూ చక్కెరని ఆరోగ్యమని అమ్మరు, అందుకే ఇక్కడ చదవాల్సి వస్తోందన్నాను. చివరికి అతనే అడుగు అర చూపించాడు. అక్కడొక సీసా ఉంది, దానిలో వేరుశనగ, ఉప్పు, అంతే. నువ్వు కొనేటప్పుడు అలాంటిది చూసి కొనుక్కో. పైన నూనె తేలి ఉంటుంది. పాడైందని పారేయకు, కలుపుకో.

ఇప్పుడు ఆ ఆదివారం సంగతి.

మీ పిన్ని నీకు ఫోన్ చేసి, మీ అమ్మ ప్రసంగం మధ్యలో మహిమ తగిలి పడిపోయిందని చెప్పింది. నువ్వు పొంగిపోయావు. నేను కాదనలేదు. జరిగింది నీకు ఇప్పుడు చెబుతున్నాను, మీ పిన్నికి కూడా చదివి వినిపించు.

ఏటా జరిగే ఉపవాస ప్రార్థనల్లో ఉన్నాం. మన సహవాసంలో పద్ధతి నీకు తెలిసిందే, పగలంతా నీళ్లు, చీకటి పడ్డాక ఒక గ్లాసు పళ్లరసం. నేను ఆ రసం కూడా మానేశాను. ఎవరికీ చెప్పలేదు. బోధించేదాన్ని, అందరికంటే ఒక మెట్టు పైన ఉండాలనుకున్నాను. ఆ కడుపుతోనే దుప్పట్లు మడిచాను, ఆ కడుపుతోనే ఆదివారం వేదిక ఎక్కాను. అగ్ని గురించి చెబుతున్నాను. కిటికీ పక్కకి జారింది. తర్వాత నా చెంప నేల మీద ఉంది.

మన హాలు టైర్ల దుకాణం పైన కదా, కింద్నుంచి రబ్బరు వాసన వస్తోంది. నాకు తెలివి ఉంది. అందరి పాదాలూ కనిపిస్తున్నాయి. ఒక్క పాదమూ నా వైపు రాలేదు. ఎందుకు రాలేదో తెలుసా? ప్రార్థనలో పడిన మనిషిని ముట్టుకోవద్దు, దేవుడు పని చేస్తున్నాడు, మీరు పాడండి అని వాళ్లకి నేర్పింది నేనే. వాళ్లు పాడారు. నీళ్లడుగుదామని పెదవులు కదిపితే, నేను ప్రార్థిస్తున్నాననుకుని గొంతు పెంచారు. చేతులెత్తారు. ఒకావిడ ఆనందంతో ఏడ్చింది. నేను ఒణుకుతూ కింద పడున్నాను, నా చుట్టూ స్తుతి.

మీ నాన్న ఎక్కడ కూర్చుంటారో నీకు తెలుసు. ఆఖరి వరస, తలుపు పక్కన, కునుక్కి అనువుగా. ఇన్నేళ్లలో ఆ వరస దాటి ముందుకి వచ్చిన మనిషి కాదు. ఆ రోజు కుర్చీలు తోసుకుంటూ వచ్చారు. మన సహవాసం పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, ముట్టుకోవద్దు బాబూ, ఆత్మ దిగింది అన్నారట.

"పక్కకి జరగండి. ఆవిడకి ఆకలేస్తోంది," అన్నారు మీ నాన్న.

పెద్దాయన ఏదో అనబోతే, "నాకు తెలుసండీ. మహిమ వస్తే ఆవిడ ముఖం ఎర్రబడుతుంది. ఆకలైతే తెల్లబడుతుంది" అన్నారు.

నన్ను గోడకి ఆనించి కూర్చోబెట్టారు. ఫ్లాస్కులోని తియ్యటి టీ గుక్కగుక్కగా పట్టించారు. ఒణుకు తగ్గాక వ్యానులోంచి తన మధ్యాహ్నం తిండి తెచ్చారు. రొట్టె, దాని మీద మందంగా పీనట్ బటర్. తుంచి నోట్లో పెట్టారు. అంగిలికి అతుక్కుంది, మింగడానికి సమయం పట్టింది, ఆ మింగుతున్నంతసేపూ వాళ్లు ఇంకా పాడుతూనే ఉన్నారు. అక్కడ్నుంచి క్లినిక్‌కి తీసుకెళ్లారు. ఒంట్లో చక్కెర పడిపోయిందనీ, రక్తం తక్కువగా ఉందనీ నర్సమ్మ నన్ను ఏకిపెట్టి, మళ్లీ రమ్మంది; నీ ప్రశ్న అడిగింది ఆ రెండోసారి వెళ్లినప్పుడే. అదీ నా మహిమ.

ఇంటికొచ్చాక చూస్తే కథ నాకంటే ముందే ఊరంతా తిరిగి వచ్చింది. లాండ్రీలో ఎదురు ఆవిడ నా చెయ్యి ముట్టుకుని కళ్లకద్దుకుంది. పై ఆదివారం నాకు వచ్చిన దర్శనం గురించి సాక్ష్యం చెప్పమని పెద్దాయన కబురు పెట్టారు. నేను నోరు మూసుకున్నాను. నాకు అదెంత కష్టమో నీకు తెలుసు. అయినా మూసుకున్నాను, ఎందుకంటే ఆ మాట తియ్యగా ఉంది. ఈ కోపాల్లో మూడోది నా మీదే, అది మిగతా రెండింటికంటే పెద్దది. సీసా ముందువైపు ఒకటీ వెనకవైపు ఇంకొకటీ రాసినవాళ్లని దుకాణంలో నిలబడి కడిగేశాను గానీ, నేను చేసిందీ అదే.

అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. నా కూతురు నిచ్చెన మీద కళ్లు చీకట్లు కమ్మి, కింద పడబోతూ, అది దేవుడు అనుకుంటోంది.

మొన్న ఆదివారం సాక్ష్యం చెప్పాను. నాకు దర్శనం రాలేదు, ఆకలి వచ్చింది అన్నాను. పడిన మనిషిని ముట్టుకోవద్దని నేను చెప్పింది తప్పు, ఇకమీదట ఎవరు పడినా ముందు పట్టుకోండి, నీళ్లివ్వండి, పాట తర్వాత పాడుకోవచ్చు అన్నాను. అప్పుడు మూడో వరసలోంచి ఒక పిల్ల తల్లి లేచింది. చంటిబిడ్డకి పాలిస్తోంది. "అక్కా, మరి నేను కూడా తినొచ్చా?" అంది. ఆ పిల్ల కూడా ఉపవాసం ఉంటోందని నాకు తెలియదు. అడగాలని నాకెప్పుడూ తోచలేదు. తినమ్మా, ఇప్పుడే తిను అన్నాను. ఆ పిల్ల అక్కడే కూర్చుని, సంచిలోంచి రొట్టె తీసి, తలొంచుకుని గబగబా తింది. నా జన్మలో అంత కోపం, అంత సిగ్గు ఒక్కసారి రాలేదు.

అందరూ వెళ్లాక పెద్దాయన నన్ను ఆపారు. మంచిగానే మాట్లాడారు. "చెల్లెమ్మా, నిజమే కావచ్చు. కానీ ఇలా చెబితే జనం విశ్వాసం ఏమవుతుంది?"

"నా పస్తు మీద నిలబడే విశ్వాసమైతే, పడిపోనివ్వండి అన్నయ్యా," అన్నాను. "ఈసారి నేను పాడతాను."

పెద్దలు కూర్చుని తేల్చేదాకా నన్ను వేదిక ఎక్కవద్దన్నారు. పెద్దాయన భార్య నాతో మాట్లాడటం లేదు. మీ పిన్ని ఫోన్ ఎత్తడం లేదు. బాధ లేదని అబద్ధం రాయను, ఆదివారం అంటే నాకేమిటో నీకు తెలుసు. కానీ ప్రసంగం నాలో ఆగదు, కాబట్టి నీకే చెబుతున్నాను, కూర్చుని విను.

వాక్యంలో ఒక ప్రవక్త ఉన్నాడు. అలిసి, విసిగి, ఎడారిలో ఒక చెట్టు కింద పడి ఇక చచ్చిపోతే చాలన్నాడు. దేవుడు అతన్ని తిట్టలేదు, అతని చుట్టూ పాటలు పాడించలేదు. కాల్చిన రొట్టె పంపి లేచి తినమన్నాడు. తిని పడుకుంటే మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు, ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పి మరీ పెట్టాడు. నీ ప్రయాణం కూడా పొడుగే, తల్లీ. ఇళ్లకి వెలుగు పెట్టే పని నీది. ఖాళీ కడుపుతో నిచ్చెన ఎక్కకు. కళ్లు నల్లబడుతున్నాయని మీ మేస్త్రీతో సిగ్గుపడకుండా చెప్పు. ఈ వారంలోనే రక్తం పరీక్ష చేయించుకో. ఏం తిన్నావో నాకు రాయి, పుణ్యకార్యాలు రాయక్కర్లేదు.

ఇంకొక్క మాట. అందరూ చనిపోయిందని ఏడ్చేసిన ఒక చిన్నపిల్లని ప్రభువు చెయ్యి పట్టుకుని లేపాడు. ఇల్లంతా నోరు తెరుచుకుని చూస్తోంది. నేనైతే అక్కడ గంటసేపు ప్రసంగం చేసేదాన్ని. ఆయన ఆ తల్లిదండ్రుల వైపు తిరిగి, పిల్లకి తినడానికి ఏమన్నా పెట్టండి అన్నాడు. ఇన్నేళ్లుగా ఆ మాటని ఎన్నోసార్లు పైకి చదివాను. అది నాతో అన్నాడని ఇప్పుడు తెలిసింది.

ఇట్లు,
నువ్వు కడుపులో ఉన్నన్నాళ్లూ ఇద్దరి తిండీ సిగ్గుపడకుండా తిన్న
మీ అమ్మ