నెమలిగుట్ట సొరంగం

అక్టోబర్ 7, మంగళవారం

డ్యూటీలో చేరాను. నాలుగు వందల పన్నెండు మెట్లు. నెమలిగుట్ట కోటకు గైడ్‌నయ్యానని వాడకట్టంతా చెప్పుకున్నాను గానీ మోకాళ్ల సంగతి ముందు ఆలోచించలేదు.

పైన సైట్ మేనేజర్ రామ్మోహన్ సార్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నారు. నా ఎంఏ హిస్టరీ సర్టిఫికెట్ చూసి, గోల్డ్ మెడల్ ఇక్కడ ఎవరు చూస్తరు కహ్కషాన్, స్టార్లు చూస్తరు అన్నారు. టికెట్ వెనక QR కోడ్ ఉంది. వచ్చినవాళ్లు స్కాన్ చేసి గైడ్‌కు ఐదులో ఎన్ని స్టార్లో ఇస్తారు. నవంబర్ ముప్పై నాటికి సగటు నాలుగు దాటితే నాకు ఏడాది ఉద్యోగం. దాటకపోతే గైడ్ ఉండదు, కోట సంగతులు చెప్పే హెడ్‌ఫోన్లు పెడతారు.

మిషన్‌తో పోటీ. సరే, చూద్దాం.

కోట మాత్రం ముద్దొస్తోంది. రిపేర్లలో గోడలకు సిమెంట్ తగలనివ్వలేదు. సున్నం, ఇసుక, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి పాత పద్ధతిలో గచ్చు చేశారు. ఎవరూ లేనప్పుడు కాసేపు చెంప ఆనించి నిలబడ్డాను. చల్లగా ఉంది.

అక్టోబర్ 8

సొరంగం ఏడుంది మేడం అని పదకొండు మంది అడిగారు.

అక్టోబర్ 11, శనివారం

జనం బాగా వచ్చారు. కాకతీయుల సామంతుడొకడు కట్టించాడని, తర్వాత గోల్కొండ కిల్లేదార్లు ఉన్నారని, ఆ తర్వాత రెండు వందల ఏళ్లు గబ్బిలాలు ఉన్నాయని చెప్పాను. గబ్బిలాల దగ్గర నవ్వుతారనుకున్నాను. భూపాలపల్లి నుంచి వచ్చిన ఒకాయన ఆవలించి, గదంత సరే, ఓరుగల్లుకు సొరంగం ఉందంట గదా, గది చూపెట్టు అన్నాడు.

అది సొరంగం కాదు. బండ కిందికి తొలిచిన ధాన్యం పాతర. తవ్వకాల రిపోర్టులో రాసి ఉంది. పన్నెండు అడుగులు లోపలికి పోతే బండే అడ్డం వస్తుంది. కానీ రిపేర్లప్పుడు దానికి ఇనుప గేటు పెట్టి తాళం వేశారు. తాళం చూసిన ప్రతివాడికీ నమ్మకం రెట్టింపైంది.

ఇంకోవైపు వాచ్‌మన్ అమర్‌సింగ్. గుట్ట కింది తండా అతనిది. నేను లేదని చెప్పి అటు తిరగగానే వాళ్లను పక్కకు పిలిచి, అక్క కొత్త, ఆమెకు ఎరుక లేదు, మా తండాల ఒక మేక గీ సొరంగంల దూరి మూడో దినం ఓరుగల్లుల తేలింది అంటాడు. మెడలో గంటతో సహా అట. ఆ గంటకే స్టార్లిస్తే నాలుగు పడేవి, నాకు రెండు.

నా సగటు 2.9.

అక్టోబర్ 12

మా అబ్బా ఫకీర్ అహ్మద్ జనగామ స్టేషన్ రోడ్డులో నలభై ఏళ్లుగా టైలర్. ఏదైనా కొలత తీయనిదే నమ్మడు. ఆయన్ని అడిగాను. సొరంగం ఉందట.

అక్టోబర్ 25, శనివారం

2.8. లక్నవరం చెరువు బోర్డు ముందు సెల్ఫీ దిగినట్టు ఇక్కడ గేటు ముందు దిగి పోతున్నారు. ఒకామె రివ్యూ రాసింది. మేడం మంచిగ చెప్తది గానీ సొరంగం దాచిపెడ్తుంది అని. నేనెక్కడ దాచనమ్మా, సంచిలోనా?

నవంబర్ 1

చెప్పేశాను. అవును, సొరంగం ఉంది, రాజు గుర్రం మీద పోయేవాడు అన్నాను. గుర్రం ఎందుకొచ్చిందో తెలియదు, నోట్లోంచి అదే వచ్చింది. అమర్‌సింగ్ సంతోషపడి జామకాయ ఇచ్చాడు.

నవంబర్ 4

ఈ నాలుగు రోజుల సగటు 4.7. గుర్రానికి ఇప్పుడు పేరు కూడా పెట్టాను. బాగానే ఉంది. బాగానే ఉంది అని రెండుసార్లు ఎందుకు రాశాను?

నవంబర్ 6, గురువారం

కురవి దగ్గర ఒక బడి నుంచి మౌనిక టీచర్ నలభై మంది పిల్లల్ని తీసుకొచ్చింది. గేటు దగ్గర నేను గుర్రం కథ చెప్తుంటే ఆమె చేయెత్తి, మేడం చెప్పేది నోట్‌బుక్కుల రాసుకోండ్రి, రేపు అడుగుత అంది. నలభై తలలు వంగాయి. నలభై పెన్నులు. ముందు వరసలో ఒక పాప, గుర్రం పేరు మళ్లోసారి చెప్పండి మేడం అంది.

చెప్పాను. అక్షరం అక్షరం పలికి మరీ చెప్పాను.

బస్సులో వస్తుంటే ఏడుపొచ్చింది. నేను చదువుకున్న చదువుకు ఇంత సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు.

నవంబర్ 7

ఇక చెప్పనని అమర్‌సింగ్‌తో అన్నాను. గదేంది మేడం, అందరు ఖుష్ గదా, మీకేం నొప్పి అన్నాడు. రామ్మోహన్ సార్ దగ్గరికి పోయి గేటు తీయించమన్నాను. జనం లోపలికి పోయి కళ్లతో చూస్తే గొడవ వదులుతుంది. ఎవరన్న పడితే నా మెడకు చుట్టుకుంటది అన్నారు. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడుగుతానని చెప్పాను.

నవంబర్ 14

పద్నాలుగోసారికి తాళంచెవి ఇచ్చారు. లైటు కూడా పెట్టించారు. పాపం.

నవంబర్ 15, శనివారం

గేటు తీశాం. పదేసి మందిని పంపాను. పన్నెండు అడుగులు, చివర బండ. తట్టి చూశారు, చెవి ఆనించి విన్నారు. బయటికొచ్చి ఏమన్నారంటే, సర్కారోళ్లు మూసేసిండ్రు, గా బండ ఎనకనే ఉంది అని. నిధి కూడా ఉందట.

బండ. పుట్టుకతో ఉన్న గుట్ట బండ. దాన్ని సర్కారు మూసిందట.

ఇవాళ ఒక్కరోజు సగటు 2.1. హెడ్‌ఫోన్ల డబ్బాలు ఆఫీసులోకి వచ్చేశాయి.

నవంబర్ 22, శనివారం

ఇది మొత్తం రాయాలి. చెయ్యి నొప్పి పుట్టినా సరే.

పదకొండున్నరకు పాతర దగ్గర మళ్లీ అదే లొల్లి. ముప్పై మంది ఉన్నారు. నేను లేదంటాను, వాళ్లు బండ ఎనక అంటారు, అమర్‌సింగ్ మేక అంటాడు. అప్పుడు అమర్‌సింగ్ నానమ్మ జమ్లీ వచ్చింది, మనవడికి రొట్టె పట్టుకుని. డెబ్బై ఎనిమిదేళ్లు. నాలుగు వందల పన్నెండు మెట్లెక్కి వచ్చింది, నా అంత ఆయాసం కూడా లేదు. లొల్లి ఏందని అడిగింది. ఎవరో చెప్పారు.

ఆమె రొట్టె మూట మనవడి చేతిలో పెట్టి గడప మీద కూర్చుంది. గీ సొరంగం సంగతి నన్నడుగుండ్రి అంది.

పన్నెండేండ్ల పిల్లప్పుడు ఆమెకు గార్ల దిక్కు సంబంధం చూశారట. ఆమెకు పోబుద్ధి కాలేదు. సొరంగముందని ఊరంత అంటుండిరి, నమ్మి దూరిన, ఓరుగల్లు పోయి కూలి చేసుకుని బతుకుదామనుకున్న అంది. దూరితే బండ. చీకట్లో రెండు దినాలు అరచేతులతో ఆ బండంతా తడిమిందట, పైన, కింద, మూలలు. సీమ దూరే సందు లేకుండె అంది. పెండ్లోళ్లు చూసి చూసి వాపసు పోయినంక బయటికొచ్చిందట. ఆ రెండు దినాలు దొంగతనంగా రొట్టె, నీళ్లు తెచ్చిచ్చిన పిల్లగాణ్ణే తర్వాత చేసుకుందట. అమర్‌సింగ్ తాత ఆయనే.

భూపాలపల్లి బస్సులో వచ్చిన ఒకాయన, ఎనక ఏమన్న ఉండొచ్చు గదా అవ్వా అని గొణిగాడు. ఆమె అమర్‌సింగ్‌ను వేలుతో చూపించి, సొరంగముంటే నేను ఓరుగల్లు పోనా బిడ్డా, పోతే గీడు పుట్టునా అంది.

ముప్పై మందీ ఒక్కసారి నవ్వారు. అమర్‌సింగ్‌కు ఈ సంగతి ఇప్పటిదాకా తెలియదు. మూట పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు, వాళ్ల నానమ్మను కొత్తగా చూస్తున్నట్టు. తర్వాత ఆడవాళ్లు ఒక్కొక్కరే లోపలికి పోయారు. ఈసారి బండ తట్టలేదు. ఎక్కడ కూసున్నవ్ అవ్వా అని అడిగి, అక్కడ కూర్చుని చూశారు. ఒకామె చాలాసేపు బయటికి రాలేదు. నేను పిలవలేదు.

నాకు కూడా కళ్లు తడిశాయి. ఇది చరిత్ర. నేను రిపోర్టులో వెతుకుతున్నాను, ఇది మేకలు కాసుకుంటూ కింద తిరుగుతోంది.

నవంబర్ 24, సోమవారం

కోటకు సెలవు. రెండు బస్సులు మారి కురవి దాటి మౌనిక టీచర్ బడికి పోయాను. నేను చెప్పింది అబద్ధం అని క్లాసులో నిలబడి చెప్పాను, జమ్లీ సంగతి కూడా చెప్పాను. ముప్పై తొమ్మిది మంది నోట్‌బుక్కుల్లో గుర్రాన్ని కొట్టేశారు. గుర్రం పేరడిగిన పాప మాత్రం కొట్టేయకుండా దాని పక్కన జమ్లీ బొమ్మ గీసింది. సరే, ఉండనీ.

నవంబర్ 30

జమ్లీ అవ్వ ఒప్పుకున్నాక ఆమె కథ రోజూ చెప్తున్నాను. జనం పదింతలు వస్తున్నారు, కింద తండాకు పోయి ఆమెను చూసొస్తున్నారు కూడా.

సగటు 4.1 వచ్చింది. అందులో గుర్రం స్టార్లు ఉన్నాయి, తీసేయండి సార్ అన్నాను. రామ్మోహన్ సార్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, కాలిక్యులేటర్ తీసుకుని లెక్కేశారు. 4.03. చాలుతుందా అన్నాను. దాటింది గదా, పో అమ్మా, పోయి పని చేసుకో అన్నారు.

హెడ్‌ఫోన్లతో అమర్‌సింగ్ పాటలు వింటున్నాడు.

డిసెంబర్ 1, సోమవారం, 11:10

వరంగల్ స్టేషన్ బయట. జమ్లీ అవ్వ ఇన్నేళ్లలో ఓరుగల్లు చూడనే లేదంటే తీసుకొచ్చాను. దిగగానే అటూ ఇటూ చూసి, సొరంగం గిక్కడ ఏడ తేలుతదంట అని అడిగింది. ఆటో అన్నను అడిగాను. తెలుసట. ఎక్కి కూర్చున్నాం.