తులసికి మూతి వంకరపోయిన సంగతి

ఆదోని, 24-9-1986

వెంకోబన్నకు వాదిరాజ నమస్కారాలు.

నేను వార్తల పని మీద కౌతాళంలో ఉన్న రెండు రోజుల్లో మన చెల్లెలు తులసికి మూతి ఎడమకు వంకరపోయింది. కుడి రెప్ప మూతపడలేదు. పక్కింటి ఉచ్చీరమ్మ "గాలి సోకిందమ్మా, పసరు పోస్తే సక్కబడతాది" అని ఒకడిని పిలిపించింది. వాడు చెవి వెనక వాత పెట్టి, ఆ కంట్లో పసరు పోసినాడు. నల్లగుడ్డు మీద పుండు పడింది.

నేను తిరిగొచ్చి ఆస్పత్రికి తీసుకుపోతే, "రెండో కంట్లో పోయలేదు, సంతోషించండి" అన్నాడు డాక్టరు. తర్వాత, పశువుల ఒంటికి పట్టుకొని నెత్తురు తాగే పిడుదు కరిచిందా అని అడిగినాడు. నెల కింద తొడ మీద ఎర్రటి వలయం లేచిందట, సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బులో మూతి ఇట్లా పోతుందని అమెరికాలో తేల్చినారట. ఇక్కడ పరీక్ష లేదు, అదేనని చెప్పలేనన్నాడు. మందు మొదలుపెట్టినాడు.

శ్రావణంలో తులసి ఎమ్మిగనూరు వచ్చినప్పుడు మన ఆవును కడిగింది కదా. ఆవుకు పిడుదులుంటే తీసి కాల్చు, పిల్లల ఒళ్లు కూడా చూడు. కంటికి కట్టడానికి పాత పంచె ఒకటి బస్సులో పంపు. వదినకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

మూతి మూడు నెలల్లో సరికావచ్చునట. ఆ కంటి చూపు ఇక రాదు. అమ్మకు మూతి సంగతి వరకే చదివి వినిపించు. కన్ను సంగతి నేను వచ్చి చెబుతాను.

తమ్ముడు
వాదిరాజ