కిర్రుమనే కుర్చీ

విజయవాడ,
12 జూన్ 2003

మామూకి ఆస్రా సలాం.

క్షేమమేనా అని అడగను. క్షేమంగానే ఉన్నారని మామీ చెప్పింది. హనుమాన్ జంక్షన్‌లో షెడ్డుకు తాళం వేసి, ఇబ్రహీంపట్నం వెళ్ళి, ఎవరిదో ప్లైవుడ్ దుకాణంలో బీరువా తలుపులకు స్క్రూలు బిగిస్తున్నారట. ఎప్పుడు ఫోన్ చేసినా నమాజులో ఉన్నారని చెప్పిస్తున్నారు. రోజుకు ఐదు నమాజులే కదా మామూ, నిన్న నేను చేసింది ఏడుసార్లు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నాకు ఒళ్ళు మండిపోతోంది. నలభై ఏళ్ళు ఎడ్లబళ్ళు చేశారు. ట్రాక్టర్లు వచ్చి బండి అడిగే నాథుడు లేకపోయినా షెడ్డు మూయలేదు. అలాంటి మనిషి ఒక్క నమూనా కుర్చీ కాలు చీలితే ఉలి మూట కట్టేయడమేమిటి? షోరూం తిరుపతిరావు గారు ఇంకొక్క నమూనా చూస్తామన్నారు. గన్నవరం హోటలుకు ఇరవైనాలుగు కుర్చీలు కావాలి. నెలాఖరు దాటితే ఫ్యాక్టరీ కుర్చీలు తెప్పించేస్తారు. మేకూ జిగురూ లేని బండి అతుకులతో ఈ కాలం కుర్చీలు చేయాలని నేను మూడేళ్ళుగా గీసుకున్నదంతా అటకెక్కుతుంది. ఇక్కడ నలుగురు వడ్రంగుల్ని అడిగాను. బొమ్మ చూసి, "ఎందుకండీ ఇంత యాతన, రెండు మేకులు కొడితే పోద్ది" అన్నారు.

ఇంతవరకు రాసి రెండు కాగితాలు చింపాను. అసలు సంగతి రాయకుండా మిమ్మల్ని తిట్టడం తేలికగా ఉంది.

జనవరిలో కుర్చీ పూర్తయిన రోజు గుర్తుందా? కూర్చుంటే కిర్రుమంది. షోరూంలో కిర్రుమనే కుర్చీ ఎవరు కొంటారు? జిగురు పెట్టి బిగించండని మిమ్మల్ని మూడు రోజులు వేధించాను. "బిగిస్తే ఇరుగుద్దే పిల్లా. బండయినా కుర్చీ అయినా చెక్క కాస్త మెసలాలి" అన్నారు. మొండి మనిషి అనుకున్నాను. చదువుకున్నదాన్ని, నాకు తెలియదా అని కూడా అనుకున్నాను. శుక్రవారం మీరు మసీదుకు వెళ్ళినప్పుడు చెక్క చీలలు ఊడదీసి, అతుకుల నిండా జిగురు పోసి మళ్ళీ దిగ్గొట్టాను. మీరు వచ్చేసరికి చేతులు కడుక్కుని టీ పెడుతున్నాను. కుర్చీ మరి కిర్రుమనలేదు. నాలుగు నెలలు షోరూం ఏసీలో ఉండి చెక్క ఎండింది, మెసలడానికి చోటు లేక కాలు నిలువునా చీలింది. తప్పు నాది మామూ. తిరుపతిరావు గారు పిలిపించినప్పుడు మీరు చేతులు జోడించి "నా పనిలో లోపమండీ" అంటుంటే నేను పక్కనే నిలబడి ఊరుకున్నాను. అప్పటినుంచి అన్నం సయించడం లేదు. నన్ను తిట్టండి, కొట్టండి. కానీ వచ్చి షెడ్డు తెరవండి.

మీ ముఖం చూసే ధైర్యం లేని
ఆస్రా

ఇబ్రహీంపట్నం,
19 జూన్ 2003

ఆస్రాకు మామూ దువా.

నీ ఉత్తరం మీ మామీ రెండుసార్లు చదివింది. మూడోసారి నేను చదువుకున్నాను. నువ్వు రాసిన సంగతి నాకు కొత్త కాదు. షోరూంలో చీలిన కాలు చేతిలోకి తీసుకోగానే తెలిసింది. అతుకులో జిగురు గట్టిపడి ఉంది. నేను పుట్టి బుద్ధెరిగాక జిగురు డబ్బా కొనలేదు. ఆ షెడ్డులో పనిచేసింది మనిద్దరమే.

తెలిసే నా లోపమన్నాను. నేను ఆ మాట అంటే "కాదు మామూ, నేను" అంటావనుకున్నాను. ఒకసారి అని ఆగాను. మళ్ళీ అని ఆగాను. నువ్వు నేల చూపులు చూస్తూ ఉండిపోయావు. ఉలి మూట కట్టింది కాలు చీలినందుకు కాదు. బళ్ళు చేసే రోజుల్లో ఎన్ని చక్రాలు విరగలేదు? నా పక్కన నిలబడిన మనిషి నా పక్కన లేదని కట్టాను.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే నాకు తిన్నది అరగదు. కిర్రుమనకుండా ఉండాలంటే చీలలకు తేనెమైనం రుద్దితే చాలు. పది నిమిషాల పని. బండికి కిర్రు ఉంటేనే ఎదురొచ్చేవాడు తప్పుకుంటాడు కాబట్టి మేం రుద్దం. కుర్చీకి రుద్దాలని నాకు తట్టలేదు. నువ్వు మూడు రోజులూ జిగురు పెట్టమన్నావే గాని, ఈ చప్పుడు ఎలా పోతుందని ఒక్కసారైనా అడిగావా? నేనూ వద్దన్నానే గాని, నీ బాధేమిటని అడగలేదు. అందులో సగం నాది.

దుకాణంలో శనివారం దాకా వస్తానని మాటిచ్చాను. ఆదివారం పొద్దున మొదటి బస్సుకి విజయవాడ వస్తాను. స్టాండులో ఉండు. ముందు తిరుపతిరావు గారి ఇంటికి పోదాం. అక్కడ నేను ఒక్క ముక్క మాట్లాడను. నువ్వు చెప్పడం అయ్యాకే ఉలి మూట విప్పుతాను. మైనం నేను తెస్తాను, నువ్వు వెతకొద్దు.

మీ మామీ నిన్ను ఏడవొద్దంది. నేను మాత్రం ఆ మాట అనడం లేదు.

నీ మామూ
ఖాలిక్