కోడలికి నీళ్లివ్వని అత్త

అవయవ మార్పిడి అప్పీళ్ల అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా ఎడమ కిడ్నీని నా కోడలికి ఇచ్చుటకు అనుమతి నిరాకరిస్తూ కమిటీ వారు జారీ చేసిన ఉత్తర్వు – "దాతకు స్వీకర్తపై ప్రేమాభిమానములు ఉన్నట్లు రుజువు కాలేదు" అను కారణము – సదరు కారణమును కొట్టివేసి అనుమతి ఇప్పించమని కోరుట – గురించి.

పై విషయమును పురస్కరించుకొని తమకు మనవి చేసుకొనునది ఏమనగా: నేను టైపిస్టుగా పనిచేసి రిటైరైనదానను. ఇటువంటి అర్జీలు నా చేతి మీదుగా బండెడు వెళ్లాయి. "మనవి చేసుకొనుచున్నాను" అని కొట్టీ కొట్టీ నా వేళ్లు వంకర్లు పోయాయి గానీ నా కోసం ఒక్కటీ రాసుకోలేదు. ఇదే మొదలు. ఇందులో ఎక్కడైనా మర్యాద తప్పితే, పద్ధతి తెలియక తప్పినట్టు భావించవద్దని ప్రార్థన. తెలిసే తప్పాను.

1. నా కోడలు, అనగా నా ఒక్కగానొక్క కొడుకు భార్య, కళ్లద్దాల షాపులో కౌంటరు దగ్గర ఉద్యోగం చేయుచుండెను. సదరు కోడలికి రక్తపోటు ఉన్నట్లు మాలో ఎవరికీ తెలియదు. రక్తపోటు చెప్పి రాదు. తలనొప్పి అంటే అద్దాలు మార్చుకుంది. అలసట అంటే రోజంతా నిలబడే ఉద్యోగం కదా అనుకుంది. మొహం ఉబ్బి, చెప్పులు కాళ్లకు పట్టక ఆసుపత్రికి వెళ్లేసరికి రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. రక్తంలోని చెత్తనీ, ఎక్కువైన నీటినీ రాత్రింబగళ్లు వడకట్టి బయటికి పంపడం కిడ్నీల పని. ఆ పని ఇప్పుడు వారానికి మూడుసార్లు యంత్రం చేస్తోంది. అది కూడా అరకొరగానే చేస్తోంది. డయాలిసిస్ అయి ఇంటికొచ్చిన రోజు కోడలు గోడ పట్టుకుని నడుస్తుంది. నేను పట్టుకోబోతే "నాకు నడవడం వచ్చు అత్తయ్యా" అంటుంది. అంత పొగరు.

2. నా కొడుకు తన కిడ్నీ ఇస్తానన్నాడు. బ్లడ్ గ్రూపు కుదరలేదు. కోడలి తల్లి లేదు, తండ్రికి షుగరు. మిగిలింది నేను. పరీక్షలన్నీ చేశారు. గ్రూపు ఒకటే. నా రక్తాన్నీ దాని రక్తాన్నీ కలిపి చూసే పరీక్ష కూడా బాగా వచ్చింది. పెళ్లయినప్పటి నుంచి ఏ విషయంలోనూ కలవని మేమిద్దరం రక్తంలో కలిశాం. నా వయసుకు నా కిడ్నీలు గట్టిగా ఉన్నాయని, మనిషి బతకడానికి ఒకటి చాలునని, ఒకటి తీసేస్తే ఉన్నది కాస్త పెరిగి రెండో దాని పని కూడా చాలావరకు అందుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. పాడైన కిడ్నీలను మామూలుగా తీయరట. వాటిని అక్కడే వదిలేసి కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన పెడతారట. అనగా కోడలికి మూడు, నాకు ఒకటి. మా ఇంట్లో ఎప్పుడూ దానిదే పైచేయి.

3. రక్తసంబంధం లేనివారు అవయవం ఇవ్వదలిస్తే, ప్రేమాభిమానములతోనే ఇస్తున్నారని కమిటీ వారు తృప్తి చెందవలెనను నియమము కలదు. నియమం మంచిదే. పేదవాళ్ల కిడ్నీలు కొనుక్కునే దొంగలు ఉన్న లోకంలో అడగాల్సిందే. నేను కాదనను. కానీ అడిగిన తీరు చిత్తగించండి. పొడవాటి బల్లకు అటు పక్క ఐదుగురు. ఇటు పక్క నేనొక్కదాన్ని. నా కొడుకుని బయటికి పంపేశారు.

"అమ్మా, మీకు మీ కోడలంటే ప్రేమేనా?" అని మధ్యలో కూర్చున్నాయన అడిగారు.

"ఆ సంగతి నాకు తెలీదండీ. దానికి కిడ్నీ కావాలి, నా దగ్గర రెండున్నాయి" అన్నాను.

"మీరిద్దరూ పోట్లాడుకుంటారట?"

"రోజూ."

"దేని గురించి?"

"అది ఆ రోజును బట్టి ఉంటుందండీ."

ఒకాయన నవ్వారు. పక్కాయన నవ్వకుండా రాసుకున్నారు. తర్వాత ఉత్తర్వులో చూస్తే "దాత సమాధానములలో ఆప్యాయత కొరవడినది" అని ఉంది. అయ్యా, నేను అబద్ధం చెప్పి ఉంటే ఆప్యాయత పొంగిపొర్లేది. నా కంటే ముందు వెళ్లినావిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, లోపలికి వెళ్లిన రెండు నిమిషాల్లోనే బయటికొచ్చేసింది, అనుమతి దొరికిందట. ఆవిడది నిజమైన ఏడుపే కావచ్చు, నాకెందుకు. నాకు పదిమందిలో ఏడుపు రాదు. ఏడుపు రానివాళ్ల కిడ్నీలు పనిచేయవా?

కోడల్ని కూడా విడిగా పిలిచి "మీ అత్తగారు ఎలాంటి మనిషి?" అని అడిగారు. "నోరు మంచిది కాదండీ. మిగతాదంతా మంచిదే" అందట. ఉత్తర్వులో మొదటి వాక్యం ఉంది. రెండోది లేదు. టైపు చేసినవాళ్లు వదిలేశారో, చెప్పి రాయించినవాళ్లే వదిలేశారో విచారించవలెను.

4. ఇప్పుడు అసలు సంగతి. కమిటీ వారు విచారణకు ఒక ఉద్యోగిని మా వీధికి పంపారు. ఆయన మా ఇంటికి రాకముందే ఎదురింటావిడ దగ్గర కూర్చున్నారు. ఆవిడ వంటింటి కిటికీ, మా వంటింటి కిటికీ ఎదురెదురు. ఆవిడ చెప్పినవన్నీ నివేదికలోకి ఎక్కాయి. నివేదికలోని మాటలే రాస్తున్నాను: "సదరు అత్త కోడలికి గుక్కెడు నీళ్లైనను ఇవ్వదు. కోడలు తినుచున్న అరటిపండును నోటి దగ్గర లాగికొన్నది. ఉప్పు లేని కూడు పెట్టును. ప్రతి ఉదయము కోడలి చేయి మెలిపెట్టును."

అన్నీ నిజమే. నేనే చేశాను. రేపూ చేస్తాను.

మూత్రం రాని మనిషి తాగిన నీళ్లు ఎక్కడికి పోతాయండీ? కాళ్లలోకి పోతాయి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒకసారి ఎండలో వచ్చి చెంబెడు నీళ్లు ఎత్తి తాగింది. ఆ రోజు పడుకుంటే ఊపిరాడలేదు, కూర్చుంటే ఆడలేదు, ఆక్సిజన్ పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లారు. అప్పటినుంచి దాని రోజువారీ నీళ్లు డాక్టరమ్మ చెప్పినంత సీసాలో పోసి నేనే ఇస్తాను. మిగతావి నా గదిలో పెట్టి తాళం వేస్తాను. "అత్తయ్యా, ఒక్క గుక్క" అని అడుగుతుంది. నోరు ఎండిపోయి పెదాలు పగిలి ఉంటాయి. ఇవ్వను. ఒక ఐసు ముక్క చేతిలో పెట్టి చప్పరించమంటాను. అడిగినవాళ్లకి నీళ్లు ఇవ్వకుండా తల తిప్పుకోవడం ఎంత కష్టమో ఎదురింటి కిటికీలోంచి కనపడదు.

అరటిపండు సంగతీ అంతే. అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయని మనిషికి అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూ వచ్చు. నోటి దగ్గర లాగాను. నోట్లో పెట్టుకుని ఉంటే వేలు పెట్టి తీసేదాన్ని. ఇక ఉప్పు తింటే దాహం, దాహమేస్తే నీళ్లు. అందుకని ఇంటిల్లిపాదీ చప్పిడి తింటున్నాం. వంటలో ఉప్పు తక్కువ వేస్తావని నేను దాన్ని ఏళ్ల తరబడి సాధించాను. ఇప్పుడు డాక్టరమ్మ దాని పక్షాన తీర్పు ఇచ్చింది. మొదటి రోజు అన్నం దగ్గర నా మొహం చూసి అది నవ్విన నవ్వు నేను మర్చిపోలేదు.

చెయ్యి మెలిపెట్టడమంటారా. డయాలిసిస్ సూదులు గుచ్చడానికి దాని ఎడమ చేతిలో రెండు రక్తనాళాల్ని కలిపి కుట్టారు. కుట్టిన చోట వేళ్లు ఆనిస్తే లోపల జుమ్మంటుంది. జుమ్మంటే రక్తం బాగా పారుతున్నట్టు. రోజూ చూసుకోవాలి. అది తన చెయ్యి తను చూసుకుని "ఉంది" అంటుంది. నాకు నమ్మకం లేదు. నేను పట్టుకుని చూస్తాను. అది "వదలండి అత్తయ్యా" అని గుంజుకుంటుంది. ఎదురింటావిడ చూసింది ఇదే.

కమిటీలో ఇద్దరు డాక్టర్లు ఉన్నారు. కిడ్నీ రోగికి నీళ్లివ్వడం లేదన్న ఫిర్యాదు చదివి ఆ ఇద్దరిలో ఒక్కరికైనా నవ్వు రాలేదా అని అడుగుచున్నాను. వచ్చి ఉంటే ఎందుకు దాచుకున్నారు?

5. ఉత్తర్వులో "దాత, స్వీకర్త కలిసి సంతోషముగా ఉన్న ఛాయాచిత్రములు లేవు" అని కూడా కలదు. నిజమే, లేవు. పెళ్లి ఫొటోలో నేను మొహం గంటు పెట్టుకుని ఉన్నాను. ఆ సంబంధం నాకు ఇష్టం లేదు, ఆ మాట అప్పుడే అందరి ముందూ చెప్పాను. ఉత్తర్వు వచ్చాక నా కొడుకు బతిమాలి మా ఇద్దర్నీ ఫొటో స్టూడియోకి తీసుకెళ్లాడు.

"అమ్మా, కాస్త దగ్గరగా జరగండి. నవ్వండి" అన్నాడు స్టూడియో అబ్బాయి.

"మా అత్తయ్య నవ్వితే మీ కెమెరాకి ఏమన్నా అవుతుందేమో" అంది కోడలు.

"ముందు నువ్వు నిటారుగా నిలబడు, వంగి నిలబడితే నేను కొట్టి తీసుకొచ్చాననుకుంటారు" అన్నాను. సరిగ్గా అప్పుడే అతను నొక్కాడు. ఫొటోలో నేను వేలు చూపిస్తూ ఉన్నాను, అది నోరు తెరిచి ఉంది. మళ్లీ తీయిద్దామన్నాడు కొడుకు. వద్దన్నాను. మా ఇల్లు అలాగే ఉంటుంది. సదరు ఫొటోను జత చేయడమైనది.

6. "దాతపై ఒత్తిడి ఉండవచ్చునను అనుమానము కలదు" అనిన్నీ రాశారు. అయ్యా, ఒత్తిడి ఉంది. దాచను. ఇవ్వొద్దని కోడలు ఒత్తిడి చేసింది.

"అత్తయ్యా, మీ కిడ్నీ పెట్టించుకుంటే 'నా కిడ్నీతో బతుకుతున్నావు' అని మీరు జన్మంతా అంటారు. ఆ మాట వినలేక చస్తాను" అంది.

"వింటూ బతుకు" అన్నాను.

ఆ రోజుతో ఆ ఒత్తిడి తీరిపోయింది. ఇక నన్ను బెదిరించగల మగవాడు మా ఇంట్లో ఇంతవరకు పుట్టలేదు. నా కొడుకు నా ముందు కాఫీ చల్లారిందని చెప్పడానికే భయపడతాడు.

7. ఇక తొందర ఎందుకనగా: దాని చేతిలో ఆ జుమ్మనడం ఈ మధ్య సన్నగిల్లింది. ఒకసారి రక్తం గడ్డకట్టి మూసుకుపోతే డాక్టర్లు తెరిపించారు. మళ్లీ మూసుకుపోతే రెండో చేతిలో నరాలు సన్నగా ఉన్నాయి, పనికి రాకపోవచ్చునన్నారు. గుండె గోడలు కూడా మందమవుతున్నాయట. ఆపరేషన్‌కు అంతా సిద్ధంగా ఉంది. కోయడానికి డాక్టరు ఉన్నాడు, కోయించుకోవడానికి నేనున్నాను. మధ్యలో ఉన్నది మీ కాగితం ఒక్కటే. పొద్దున్నే లేచి నేను వేళ్లు ఆనిస్తే అది నా మొహంలోకి చూస్తుంది. ఉందా లేదా అని నోటితో అడగదు. నాకు భయంగా ఉంది. ఇది అర్జీలో రాయవలసిన మాట కాదని తెలుసు.

"కోడలు లేని అత్త గుణవంతురాలు" అని సామెత. ఆ గుణవంతురాలు అనిపించుకోవాలని నాకు లేదు. గయ్యాళిగానే ఉంటాను, నాకు అలవాటే.

కావున తమరు దయయుంచి (అ) ప్రేమ రుజువు కాలేదను కారణమును కొట్టివేయవలెను. (ఆ) ఎదురింటావిడ కిటికీ ఆధారముగా రాసిన నివేదికను ఏ డాక్టరు చేతనైనా ఒక్కసారి చదివించవలెను. (ఇ) నా కిడ్నీ నా ఇష్టప్రకారము ఇచ్చుకొనుటకు అనుమతి ఇప్పించవలెను. ఇవ్వని పక్షమున తమ ఆఫీసు వరండాలో బల్ల వేసుకుని కూర్చుంటాను. నేను టైపు కొట్టిందంతా ఆఫీసు వరండాల్లోనే, నాకు అవి కొత్త కాదు. దారినపోయే ప్రతివాళ్లకూ ఈ కథ చెబుతాను, నా నోటి సంగతి ఉత్తర్వులోనే ఉంది కదా.

ఇంతే నా విన్నపము. కోపమును పక్కన పెట్టి, విషయమును మాత్రమే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు (ఈ ఒక్క అర్జీ మేరకు),
దాత, టైపిస్టు, అత్త

జతపరచినవి: ఉత్తర్వు నకలు; రక్తపరీక్షలు; పైన చెప్పిన ఫొటో.

తా.క.: కవరు అంటించబోతుంటే కోడలు లాక్కుని మొత్తం చదివింది. "ఇన్ని పేజీలు ఎందుకు అత్తయ్యా? కోడలంటే నాకు ప్రేమ అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేదిగా, సంతకం పెట్టేసేవాళ్లుగా" అంది. "కాపురానికి వచ్చినప్పటి నుంచి నీకే చెప్పలేదు, ముక్కూ మొహం తెలియని ఐదుగురికి ముందు చెబుతానా?" అన్నాను. ఇప్పుడది వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఏడిస్తే దానికి ఊపిరి అందదు. తమరు త్వరగా సంతకం పెట్టండి.