స్పానిష్‌లో కంకర

బాచుపల్లి, సోమవారం

బిడ్డ అఖిలకు, నాయనమ్మ గుండె చేతుల పట్టుకొని రాసేది.

ఫోన్ల నాకు వినవడదని నీకు ఎరుకే. అందుకే ఈ చీటి టిఫిన్ డబ్బాల పెట్టి, మీ బాబాయి సాయిలు క్యాబ్‌ల మాదాపూర్ హాస్టల్‌కు పంపుతున్న. నిన్న ఇంటికొచ్చి నువ్వు మరిచిపోయిన నోట్‌బుక్కు తెరిచిన. తప్పే. అండ్ల అర్థంగాని మాటల పక్కన తెలుగుల ఉన్నది: "మేం మణికొండలో కలిసి ఉండేవాళ్లం. అతను నాకోసం వంట చేసేవాడు. నేను రోజూ ఏడ్చేదాన్ని."

వంట చేసేటోడు దొరికితే ఏడుపెందుకే? ఎవడు వాడు?

పరేషాన్ల ఉన్న నీ నాయనమ్మ,
కనకమ్మ

తా.క. పప్పుల ఉప్పు ఎక్కువైంది. నీ ఫికర్ల రెండుసార్లు ఏసిన.

మాదాపూర్, మంగళవారం

నాయనమ్మా, నీకు దండం పెడుత, ముందు కూసో!

వాడు లేడు, వీడు లేడు. అది స్పానిష్ పాఠం. ఒకప్పుడు రోజూ జరిగినవాటిని చెప్పే పద్ధతి. కొన్ని క్రియల చివర ‘ఆబా’ తగిలించాలి, మిగతావాటికి ‘ఈయా’. పని చేసేదాన్ని అంటే త్రబహాబా. తినేదాన్ని అంటే కొమీయా. శుక్రవారం స్పెయిన్ నుంచి ఒక మేడం ఫోన్‌లో పరీక్ష పెడుతది. పాసైతే మా కాల్ సెంటర్‌లో స్పానిష్ టీముకు తీసుకుంటరు, కాకపోతే ఉన్న ఉద్యోగం కూడా పోతది.

ఫికర్ చేసే బదులు సాయం చెయ్. నా బతుకులో బడి, హాస్టల్ తప్ప ఏమున్నయి? నీ పాత రోజుల సంగతులు రాయి, వాటితో నేర్చుకుంట.

నీ అఖిల

తా.క. పప్పు తిన్న. రెండు సీసాల నీళ్లు తాగిన.

బాచుపల్లి, బుధవారం

బిడ్డకు, సగం నమ్మిన నాయనమ్మ రాసేది.

మిగిలిన సగం కోసం సాయిలును మణికొండ పంపిన. ఆడ వాచ్‌మన్ ఐలయ్య మన దిక్కోడే. నీ ఫోటో చూసి, "గిసొంటి పిల్లలు ఈడ నాలుగు వందల మంది ఉన్నరు, ఎవరని చెప్పాలె?" అన్నడట. ఆ నాలుగు వందలల్ల నువ్వు లేవని ఏం నమ్మకం?

నువ్వు అడిగినవి రాస్తున్న. మీ ఆఫీసు తాన అప్పుడన్నీ బండలే. అది కట్టేటప్పుడు నేను కంకర మోసేదాన్ని. సాయిలును ఇసుక కుప్ప నీడకు పండవెట్టేదాన్ని. ముగ్గురు పిల్లలకు పెట్టినంక మిగిలితే తినేదాన్ని. మీ తాత తాగొస్తే తలుపు గడియ పెట్టేదాన్ని. బిల్డింగు అయినంక మమ్మల్ని గేటు కాడనే ఆపిన్రు.

నీ కనకమ్మ

తా.క. గడియ సంగతి ఎవ్వలకు చెప్పకు.

మాదాపూర్, సోమవారం

నాయనమ్మా, పాసైన!

పరీక్ష మేడం పాత రోజుల గురించి చెప్పమంది. భయానికి నావి ఒక్కటీ గుర్తు రాలే. బట్టీ పట్టిన నీవే వరసగా వచ్చేసినయి. ఒక్క ఆబా తప్పలే, ఒక్క ఈయా తప్పలే. అవన్నీ నావే అనుకొని ఆమె ఏడ్చింది. మా టీము లీడర్ వాసంతి మేడంకు కూడా అదే చెప్పిందట. ఇయ్యాల పొద్దున నేను నిజం చెప్పేసిన. "మార్కులు మాటలకు, కంకరకు కాదు" అన్నది వాసంతి మేడం. "ఆ కంకర మోసినామెను ఒకసారి లోపలికి తీసుకురా" అన్నది.

గురువారం గేటు దగ్గర నీ పేరు రాయించిన. గడియ సంగతి ఎవరికీ చెప్పలే, ఒక్క స్పెయిన్‌కు తప్ప.

నీ అఖిల

తా.క. నేను నిజం చెప్పేలోపే టీమువాళ్లు నా ముగ్గురు పిల్లలకు బొమ్మలు కొన్నరు. డబ్బాతో పంపుతున్న. రైలు నాన్నకు, లక్కపిడతలు అత్తకు. గిలక్కాయ సాయిలు బాబాయికి.