రెండు చుక్కలు, ఒక ఏటవాలు గీత

అక్కా,

ఫోనులో చెప్పలేను, అందుకే రాస్తున్నాను. నువ్వు చూపించుకునే ఆసుపత్రి వెబ్‌సైటు తయారుచేసింది మా కంపెనీయే కదా. అందులో రిపోర్టు తెరిచే పేజీ నేను రాశాను. లోపలికి రావడానికి పాస్‌వర్డు పెట్టాను గానీ, ఆ తర్వాత ఏ ఫైలు అడుగుతున్నారో, ఎవరు అడుగుతున్నారో చూడకుండా, అడిగిందే తడవుగా తెచ్చి ఇచ్చేలా రాశాను. ఫైలు పేరుకు ముందు రెండు చుక్కలు, ఒక ఏటవాలు గీత కొడితే చాలు, ఒక ఫోల్డరు పైకి వెళ్ళిపోవచ్చు. మళ్ళీ కొడితే ఇంకొకటి. అలా ఎక్కి, ఎవరి రిపోర్టయినా చూసేయవచ్చు. మొన్న సైటు భద్రత తనిఖీకి వచ్చినావిడ ఈ లోపం పట్టుకుని, "తలుపుకి తాళం వేశావు సరే, గోడలేవమ్మా?" అంది. అందరి ముందూ తల ఎత్తుకోలేకపోయాను.

నిజమేనా అని నేనే కొట్టి చూశాను. అక్కడ ఫైలు పేరంటే రోగి నంబరే. నాకు నోటికి వచ్చిన నంబరు నీదొక్కటే, నీ పేరు నమోదు చేయించింది నేనే కాబట్టి. తెరుచుకోదులే అనే ధీమాతో కొట్టాను. తెరుచుకుంది.

కడుపులో పుండు అన్నావు. బావ కూడా అదే పాట. అది క్యాన్సరనీ, కాలేయానికి పాకిందనీ అందులో ఉంది. నెల్లాళ్ళుగా ఇంత బాధ కడుపులో పెట్టుకుని, నా వంటకి వంకలు పెడుతూ నవ్వావు. నాకు కూడా చెప్పకూడనంత పరాయిదాన్నయ్యానా? కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ లోపం ఆ పూటే సరిచేశాను. దొంగచాటుగా చూసినందుకు తిట్టు, పడతాను. కానీ ఇకనుంచి ఆసుపత్రికి నీ వెంట నేనొస్తాను. వద్దనకు.

నీ చెల్లి,
చిన్ని

చిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నిన్ను తిట్టడానికి ఏముందే? నేను నీ దగ్గర ఏదీ దాచలేదు. ఆ రోజు డాక్టరుగారు మీ బావ ఒక్కరినే లోపలికి పిలిచారు. ఆయన బయటికొచ్చి పుండన్నారు, నమ్మాను. నాకు కంప్యూటరు రాదు కదా, రిపోర్టు తెరిచి చూసిందీ ఆయనే. ఈ మధ్య పని మానుకుని మరీ ఊరికే నా పక్కన కూర్చుంటుంటే, ఏమిటీ చాదస్తం అని విసుక్కున్నాను కూడా.

వెంట రా. నాకూ భయంగానే ఉంది. కానీ నాకు తెలిసిపోయిందని ఆయనతో అనకు. పుండు మానుతోందని చెప్పి నన్ను నవ్వించడానికి ఆయన చాలా కష్టపడుతున్నారు.

నీ అక్క