కట్టెకు అటు నేను, ఇటు రేష్మ

జనవరి 23

మీటింగు అయింది. చేతులు మండుతున్నాయి. కడుపు అంతకంటే ఎక్కువ మండుతోంది.

ముప్పై మంది తల్లుల ముందు... ఉమాదేవి టీచర్ రేష్మ నోటు పుస్తకం పైకెత్తి అందరికీ చూపించింది. "ఏమ్మా సైదమ్మా, మీ పిల్ల అన్నీ తలకిందులు రాస్తోంది. ఒకటో తరగతి అయిపోవస్తోంది, ఇంకా తలకట్టు తీసుకుపోయి అక్షరం కాళ్ల దగ్గర పెడుతోంది. ఇంట్లో ఒక్కరోజన్నా చెయ్యి పట్టి దిద్దించావా?"

నవ్వింది. ఆమె నవ్వితే మనం నవ్వకపోతే ఏం బాగుంటుందని మిగతావాళ్లూ నవ్వారు. రేష్మ నా వంక చూసింది. నేను చేతులు కొంగు కింద దాచుకున్నాను. మిరపకాయల తొడిమలు తీసి తీసి ఎర్రగా ఉబ్బిన చేతులు... అవి చూస్తే ఇంకేం అనేదో.

పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాను. ఆ మాట అక్కడ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఈ డైరీకి చెబుతున్నాను. పురుగుమందుల కొట్టువాడు ఊరికే ఇచ్చిన డైరీ, పురుగుమందు లాంటి మాటలే రాస్తాను ఇందులో.

జనవరి 24

పరీక్ష పెట్టాను. టీచర్‌కి కాదు, ముందు నా కూతురికి.

పలక తెచ్చుకోమన్నాను. రోజూలాగే వాకిట్లో ఎదురుబదురుగా కూర్చున్నాం. "అ నుంచి అః దాకా రాయవే." రాసింది. ప్రతి అక్షరం తిన్నగా, గుండ్రంగా, అచ్చం నా దస్తూరీ. నా కళ్లెదురుగా రాసింది, ఎవరో చెప్పిన మాట కాదు.

అంటే నిన్న టీచర్ పుస్తకం తిరగేసి పట్టుకుంది. కావాలనే. నోటు పుస్తకాలు బడి బీరువాలోనే ఉంటాయి, ఇంటికి వచ్చేది పలకే, ఈ తల్లికేం తెలుస్తుందిలే అనుకుంది.

చెయ్యి పట్టి దిద్దించలేదంట నేను. పోయిన ఏడాది ఇదే సీజన్లో దిద్దించాను. మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నాకే దాని చెయ్యి పట్టుకున్నాను. అయినా కారం పోలేదు. అదే చేత్తో కళ్లు నులుముకుంది, సాయంత్రం దాకా గుక్కపట్టి ఏడ్చింది. అప్పట్నుంచి పత్తి కట్టె. రెండు మూరల కట్టె మొన మట్టిలో ఆనించి, మొన దగ్గర అది పట్టుకుంటుంది. ఎదురుగా కూర్చుని పైకొస నేను పట్టుకుంటాను. నేను నడిపితే దాని చెయ్యి నడుస్తుంది. నా కారం దానికి అంటదు. సీజన్ అయిపోయి చేతులు చల్లబడ్డ నెలల్లో కూడా అది కట్టె వదల్లేదు, ఆటయింది దానికి. యాభై ఆరు అక్షరాలూ అలాగే నేర్పాను.

ఉమాదేవీ, నువ్వు ఎవరితో పెట్టుకున్నావో నీకు తెలియదు.

జనవరి 27

నేను కూలికెళ్లే మిరప కల్లం బడి గేటుకి సరిగ్గా ఎదురు. కాయలు ఏరుతూ తలెత్తితే గేటే. ఇన్నాళ్లూ చూస్తూనే ఉన్నా చూడలేదు.

బడి గంట తొమ్మిదికి. పేట బస్సు దిగి టీచర్ గేటు దాటింది — 9.40.

జనవరి 28

9.35.

జనవరి 29

9.50. చేతిలో కాకరకాయల సంచి. దారిలో సంత కూడా చేసుకుని వచ్చింది. లోపల పిల్లలు గోలగోల.

పక్కన తొడిమలు తీస్తున్న కోటమ్మ అడిగింది, "గేటు కాడ బంగారం ఏవన్నా పడిందేంటే, అట్టా చూత్తన్నావు?"

"పడుద్ది," అన్నాను.

ఫిబ్రవరి 4

ఆయన ఫోను, వేటపాలెం నుంచి. దూది ఏకే మిషను ఆటోకి ఎక్కించుకుని పరుపులు కుట్టడానికి వెళ్లి రెండు వారాలైంది. జరిగిందంతా చెప్పాను. టైములన్నీ రాస్తున్నానని కూడా.

"పంతులమ్మతో మనకెందుకే? రేపు పిల్ల ఆవిడ దగ్గరే కదా కూర్చోవాల్సింది. వదిలెయ్."

"నువ్వు దూది మనిషివి. నేను కారం మనిషిని," అన్నాను.

"కళ్లలో పడకుండా చూసుకో," అన్నాడు. ఎవరి కళ్లలోనో చెప్పలేదు.

ఫిబ్రవరి 9

తల్లిదండ్రుల కమిటీకి అధ్యక్షురాలిగా ఉన్నామె పుట్టింటివైపు ఊరు మారిపోయింది. ఇవాళ ఆ ఖాళీకి మనిషి కావాలన్నారు. నేను లేచి నిలబడ్డాను. టీచర్ మొహం చూడాలి అప్పుడు. పదకొండు చేతులు లేచాయి నాకు. ఆ రోజు నవ్వినవాళ్ల చేతులే సగం. నవ్వడం ఎంత తేలికో చెయ్యెత్తడమూ అంతే వాళ్లకి.

ఇక బడిలో ఏ కాగితం కదిలినా నా సంతకం ఉండాలి.

ఫిబ్రవరి 12

"సైదమ్మ గారూ, కూర్చోండి."

మొన్నటిదాకా 'ఏమ్మా'. ఇప్పుడు గారూ, అండీ, కుర్చీ. కూర్చోలేదు. నిలబడే సంతకం పెట్టి వచ్చాను. ఆమె నా వేళ్లు చూసి కలం తుడుచుకుంది. అది కూడా రాసిపెట్టుకుంటున్నాను.

ఫిబ్రవరి 17

ఫిర్యాదు తయారు. మండల విద్యాశాఖాధికారి గారికి నమస్కరించి వ్రాయునది... రెండు పేజీలు, కొట్టివేతలు లేకుండా. ఏ రోజు ఎన్నింటికి వచ్చిందో అన్నీ. పద్నాలుగు మంది తల్లుల సంతకాలు పట్టాను. పిల్లవాడి చెవి మెలేసిందని ఒకరు, పలకరిస్తే పలకదని ఒకరు. నా కారణం ఎవరికీ చెప్పలేదు.

కోటమ్మ మనవడూ అదే బడి. సంతకం పెట్టనంది. "నా మనవడికి లేని దురద నాకెందుకు? వాడికి ఎక్కాలు వచ్చినయ్ ఆవిడ దగ్గర. నువ్వు పామల్లే పగబట్టావు సైదా."

పగే. కాదని ఎవరన్నారు? ముప్పై మందిలో నవ్వులపాలు చేసింది నా పిల్లని. ఆమె ఈ ఊరి బస్సు మళ్లీ ఎక్కకూడదు. ఎక్కడో అడవిలో పోస్టింగు పడాలి, అక్కడ ఎవరూ గారూ అనకూడదు.

ఫిబ్రవరి 20

రేష్మ వెనక బెంచీలో కూర్చుంటోందంట. ఒక్కతే. నెల పైనే అయిందంట.

"ఎందుకే?"

"టీచర్ మాట విననని."

"ఏ మాట?"

చెప్పదు. గౌను అంచు నలుపుతూ కూర్చుంది. నా కూతురే, ఉడుం పట్టు.

ఫిబ్రవరి 24

ఇది చాలు. ఇంతకంటే ఏం కావాలి నాకు.

టీచర్ ఒక కాగితం పంపింది. బుద్ధి ఎదగని పిల్లల్ని పరీక్షల శిబిరానికి పంపే జాబితా. మొదటి పేరు షేక్ రేష్మ. కింద తల్లి సంతకం పెట్టాలంట. మార్చి ఆరున ఆఫీసరు బడికి వస్తున్నాడు, ఆ రోజు ఆయన చేతిలో పెడుతుందంట.

మంచిది. అదే రోజు, అదే చేతిలో, నా రెండు పేజీలు కూడా పడతాయి.

ఫిబ్రవరి 25

వాన. కాలం కాని కాలంలో. కల్లాల మీద పరుగులు, కాయల మీద పట్టాలు. పని లేదు.

ఫిబ్రవరి 26

వాన.

మార్చి 1

నాలుగు రోజులు వాన. ఐదో రోజుకి చేతులు చల్లబడ్డాయి. మజ్జిగలో నానబెట్టి, కొబ్బరినూనె రాసి, మళ్లీ కడిగి నాలుకతో అంటి చూసుకున్నాను. మంట లేదు. వాకిలంతా బురద, కట్టెతో పని కాదు. "రా, ఇవాళ ఒళ్లో కూర్చో," అన్నాను. ఏడాది దాటింది దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని దిద్దించి.

పలక దాని ముందు. దాని చెయ్యి నా చేతిలో. 'అ' రాయబోయాను. దాని చెయ్యి ఎదురు తిరిగింది. నేను పైకంటే అది కిందకి, నేను ఎడమకంటే అది కుడికి. "అట్టా కాదమ్మా," అంది. సరే, నువ్వే రాయి అని వదిలేశాను.

రాసింది. తలకట్టు కింద. కొమ్ము కింద. అక్షరాలన్నీ శీర్షాసనం వేశాయి. కుడి నుంచి మొదలుపెట్టి ఎడమకి వెళ్లింది.

నేను లేచి వెళ్లి రోజూ కూర్చునే చోట, దాని ఎదురుగా కూర్చున్నాను. అన్నీ తిన్నగా ఉన్నాయి.

మార్చి 2

ఏడాదిగా నేను నాకు కనబడేట్టు రాశాను. అది దానికి కనబడ్డట్టు నేర్చుకుంది. టీచర్ పుస్తకం సరిగ్గానే పట్టుకుంది.

మార్చి 3

తప్పు నాదని తెలిశాక పగ తగ్గాలి కదా. తగ్గలేదు. నిన్నంతా వెతుక్కున్నాను, ఇంకేం మిగిలిందా అని. మిగిలింది. నవ్వింది కదా. కలం తుడుచుకుంది కదా. ఆలస్యంగా వస్తున్న మాట అబద్ధమా? బుద్ధి లేదని నా పిల్ల పేరు రాసింది కదా — ఒక్కసారి పిలిచి, "ఇంట్లో ఎలా నేర్పుతున్నావమ్మా" అని అడిగిందా?

అడిగితే చెప్పేదాన్నా? ఏమో.

నాకు ఆమె మీద ఉన్న కోపంలో సగం ఇప్పుడు నా మీదకే రావాలి. రానివ్వడం లేదు నేను. అదంతా కూడా ఆమెకే చేరుస్తున్నాను.

మార్చి 4

ఎండ కాసింది. కల్లం తెరిచారు. మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టాక టీచర్ గేటు దాటి ఇటే వచ్చింది. కారం ఘాటుకి నాలుగు అడుగుల్లోనే దగ్గు, కళ్లనీళ్లు. కోటమ్మ ఖాళీ గోతాం పరిచింది. కూర్చుంది.

"మీరు ఫిర్యాదు రాశారని తెలిసింది సైదమ్మ గారూ. మా అత్తగారికి పక్షవాతం. ఉదయం పనిమనిషి వచ్చేదాకా ఇల్లు కదలలేను. చెప్పుకుంటే ఎవరు వింటారు?"

నేను తొడిమలు తీస్తూనే ఉన్నాను. జాలి పడకూడదని పళ్లు బిగబట్టాను. ఉమాదేవీ, నా చేతుల సంగతి నువ్వు వినలేదుగా?

"మీరు అది ఇవ్వకండి. నేను జాబితా ఇవ్వను. పాప పేరు తీసేస్తాను." కాసేపు దగ్గింది. "అయినా మీ అమ్మాయిని ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదండి. బోర్డు మీద చూపిస్తాను, చెయ్యి పట్టుకుని రాయిస్తాను. నేను వదలగానే మళ్లీ అలాగే. ఇలా కాదే అంటే, 'మా అమ్మ ఇట్టాగే నేర్పింది, మా అమ్మకి తప్పులు రావు' అంటుంది. మొండి. కోపమొచ్చే వెనక్కి పంపాను."

నా వేళ్లు ఆగిపోయాయి. కోటమ్మ చూసింది. టీచర్ చూడలేదు, కళ్లు తుడుచుకుంటోంది. గోతాం మీది కారం అంటిన వేళ్లతోనే.

"కళ్లు నులుముకోకండి," అన్నాను. నెల రోజుల్లో నేను ఆమెతో తిన్నగా అన్న మాట అదొక్కటే.

ఏ జవాబూ చెప్పకుండా పంపించేశాను.

మార్చి 5

మా అమ్మకి తప్పులు రావు. ఆ మాటకే నెలన్నర వెనక బెంచీ.

బేరం తేలికే. నేను ఇవ్వను, ఆమె ఇవ్వదు, ఇద్దరి పరువూ నిలుస్తుంది. రేష్మ మాత్రం మొండిదిగానే ఉండిపోతుంది. తలకిందులు ఎక్కణ్నుంచి వచ్చిందో టీచర్‌కి తెలిస్తేనే దాన్ని మొండిది అనడం మానుతుంది. అది నేనే చెప్పాలి. నేను చెబితే — ఆ ముప్పై మంది మళ్లీ నవ్వుతారు, ఈసారి నిజంగా నన్ను చూసి. పద్నాలుగు సంతకాలు పట్టుకుని తిరిగిన అధ్యక్షురాలు తన కూతురికి అక్షరాలు తిరగేసి నేర్పిందంట. ఊరికి ఏడాది పాటు సరిపోయే నవ్వు.

సాయంత్రం దాని పక్కన కూర్చున్నాను, ఎదురుగా కాదు. కట్టె పొయ్యిలో పెట్టేశాను. అది చూసి ఏడ్చింది. "అమ్మ తప్పు నేర్పిందే. టీచర్ చెప్పిందే కరెక్టు," అన్నాను. ఆ రెండు ముక్కలు అనడానికి మంచినీళ్లు తాగాల్సి వచ్చింది.

నమ్మలేదు. చాలాసేపు నా మొహం చూసింది. తర్వాత పలక తీసుకుని ఒక వరుస రాసింది — తిన్నగా, వంకర్లు పోతూ, కష్టపడుతూ. దాని కింద ఇంకో వరుస, గబగబా, గుండ్రంగా, తలకిందులుగా.

"రెండెందుకే?"

"పైది టీచర్‌కి. కిందది నీకు."

చెరపబోయాను. చెయ్యి రాలేదు.

మార్చి 6

ఉదయం. కల్లంలో కూర్చుని రాస్తున్నాను.

8.50. టీచర్ వచ్చేసింది. ఇస్త్రీ చీర. కళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. గేటు దగ్గర ఆగి నా వైపు చూసింది. తల ఊపలేదు నేను.

ఫిర్యాదు నా రవికెలో ఉంది. జాబితా కాగితం కూడా, సంతకం లేకుండా. చెప్పాల్సిన మాట గొంతులో ఉంది. మూడింట్లో ఏది ముందు బయటికొస్తుందో నాకే తెలియదు. నిజం చెప్పాలంటే, ఇప్పటికీ నాకు ఆమె ఏడవాలనే ఉంది. నా పిల్ల బాగుపడాలనీ ఉంది. రెండూ ఒకేసారి జరిగే దారి ఏడుసార్లు వెతికాను.

9.55. ఆఫీసరు జీపు చెరుకు రసం బండి దగ్గర మలుపు తిరిగింది. కోటమ్మ నా ముందున్న కాయలు తన వైపు లాక్కుంది. "పో, నీ వంతు నేను తీత్తాలే," అంది.

రేష్మ గేటు ఊచల్లోంచి పలక బయటపెట్టి పిలుస్తోంది. నిన్నటి రెండు వరుసలూ అలాగే ఉన్నాయి, చెరపలేదు.

"అమ్మా, ఆఫీసరు అడిగితే ఏది చూపించను?"